చక్రాల మీద వంటిల్లు

"అక్కా, ఇల్లు కొంటున్నాం" అంది మా చెల్లెలు ఫోనులో.

ఇంగ్లండులో వాళ్లకి ఇల్లుంది. దాని అప్పు తీరడానికి ఇంకా పద్నాలుగేళ్లుంది. ఉన్న అప్పు నెత్తిమీద ఉండగా మళ్లీ ఇల్లేమిటే అని నేను కంగారుపడేలోపల అదే నవ్వేసి, "మామూలు ఇల్లు కాదులే. చక్రాల మీద ఇల్లు. కారు వెనక తగిలించుకుని ఎక్కడికి కావాలంటే అక్కడికి ఈడ్చుకుపోవచ్చు" అంది.

ఇల్లు కట్టి చూడమన్నారు, పెళ్లి చేసి చూడమన్నారు గాని, ఇల్లు ఈడ్చి చూడమని మన పెద్దలెవరూ అన్నట్టు లేదు.

కారవాన్ అనగానే మనకి సినిమా తారలు షాటుకీ షాటుకీ మధ్య వెళ్లి కూర్చునే చల్లని బస్సు గుర్తొస్తుంది. మా చెల్లెలు చెప్పింది అది కాదు. దీనికి ఇంజనుండదు, స్టీరింగుండదు. ముందు ఒక కొక్కెం, కింద రెండు చక్రాలు, పైన పెద్ద రొట్టెముక్కలాంటి తెల్లని పెట్టె. ఆ పెట్టెలోనే మంచాలు, బల్ల, స్టవ్వు, సింకు, ఫ్రిజ్, పిసరంత బాత్‌రూము. సెలవులకు ఊళ్లు తిరగడానికి వాడేది గనక టూరింగ్ కారవాన్ అంటారు.

పాతబళ్లు అమ్మేచోట చూసొచ్చిన ఆరేడు బళ్ల ఫొటోలు పంపించి, "ఏది బాగుందో చెప్పు" అంది. మరిదిగారు తీసిన ఫొటోల్లో చక్రాలూ, కొక్కెమూ, టైర్లూ ఉన్నాయి. మా చెల్లెలు తీసిన ఫొటోల్లో ప్రతిదాంట్లోనూ నట్టనడుమ స్టవ్వే ఉంది. కారు సంగతే తెలియని నాకు కారవాన్ సంగతేం తెలుస్తుంది? కాని కథలు రాసుకునేదాన్ని గనక, ఏ వస్తువైనా దాని పూర్వకథ తెలుసుకోందే ఊరుకోలేను. నాలుగు పుస్తకాలు తిరగేశాను. తిరగేసేకొద్దీ నాకొకటి తోచింది. ఈ బండి చరిత్రంతా బయటికి చక్రాల చరిత్రలా కనిపిస్తుంది గాని, లోపలికి తొంగిచూస్తే అది ఒక పొయ్యి చరిత్ర.

ముందు ఆ పేరు సంగతి. కారవాన్ పారశీకం నుంచి వచ్చిన మాట. కార్వాన్ అంటే బిడారు. ఒంటెల మీదో ఎద్దుల మీదో సరుకు వేసుకుని, దొంగల భయానికి గుంపుగా సాగే వర్తకుల వరస. మన హైదరాబాదులో గోలకొండకు వెళ్లే దారిలో కార్వాన్ అనే పేట ఇప్పటికీ ఉంది. ఒకప్పుడు వజ్రాల వర్తకులు దిగిన చోటది. ఇదే మాట ఇంగ్లీషులోకి వెళ్లాక గుంపు పోయి బండి మిగిలింది. గూడు కట్టిన బండికీ, మనుషులు కాపురముండే బండికీ కారవాన్ అని పేరు పడింది.

గూడు కట్టిన బండి అంటే మనకి కొత్తేమీ కాదు. మా అమ్మమ్మ కాలంలో శివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్లకు గూడుబండి కట్టుకునే వెళ్లేవారు. వెదురుబద్దలు వంచి, పైన చాప కప్పి, లోపల వరిగడ్డి పరిచి, దానిమీద బొంత వేస్తే అదే కదిలే ఇల్లు. ప్రభలూ, గంటల చప్పుడూ, రాత్రంతా జాగారమూ, ఆ వైభోగమంతా చెప్పమ్మా అని చిన్నప్పుడు నేను ఆవిణ్ణి పట్టుకుని వేధిస్తే, "నాకేం గుర్తే? బండి వెనక గోతంలో బియ్యమూ, పప్పూ, చింతపండూ, నాలుగు గిన్నెలూ. ఉపాసం పెద్దాళ్లకి గాని పిల్లలకి కాదుగా! దిగీదిగగానే మూడు రాళ్లు ఏరుకుని పొయ్యి పెట్టడమే. తిరనాళ్లకెళ్లినా నా పొయ్యి నా వెనకే వచ్చింది" అంది. మా తాతయ్యని అడిగితే మాత్రం ప్రభల ఎత్తు మూరలతో సహా చెప్పేవాడు.

ఆ మాట మనసులో పెట్టుకుని ఇంగ్లండు వెళ్దాం.

అక్కడ గూడుబళ్లలో బతికినవాళ్లు జిప్సీలు. వాళ్ల గుర్రబ్బండి ఇంటిని వార్డో అంటారు. లోపల చిన్న ఇనప పొయ్యి, పైన పొగగొట్టం, గోడలనిండా రంగుల నగిషీ. వీళ్ల పూర్వులు ఎన్నో శతాబ్దాల కిందట మన దేశం నుంచి వలసపోయినవాళ్లేనని భాషను పరిశీలించినవాళ్లు తేల్చారు. ఇప్పటికీ వాళ్ల భాషలో నీళ్లను పానీ అనే అంటారు. ఊళ్లవాళ్లు వాళ్లని అనుమానంగా చూసేవారు, చెరువుగట్టు మీద దిగితే పొమ్మనేవారు. వాళ్లకి ఆ బండి వినోదం కాదు, బతుకు.

ఆ బతుకును చూసి ముచ్చటపడి వినోదంగా మార్చినవాడు డాక్టర్ గోర్డన్ స్టేబుల్స్ అనే స్కాట్లండు దేశస్థుడు. నౌకాదళంలో వైద్యుడుగా చేసి, రిటైరై, ట్వైఫర్డ్ అనే ఊళ్లో స్థిరపడి, మగపిల్లలకి సాహసకథలు రాసుకుంటూ ఉండేవాడు. అమ్మాయిల పత్రికలో ఆరోగ్య సలహాలు కూడా ఇచ్చేవాడు. జిప్సీల బళ్లు చూశాక తనకూ అలాంటిది కావాలనిపించింది. అనిపించడమే తడవుగా బ్రిస్టల్‌లోని ఒక పెద్ద బళ్ల కర్మాగారానికి పురమాయించి, 1885లో వాండరర్ అనే బండి తయారుచేయించుకున్నాడు. కేవలం విహారానికని కోరి కట్టించుకున్న బళ్లలో అదే మొదటిదని చెబుతారు. మహాగని కర్ర, మెత్తని సోఫా, పుస్తకాల అలమర, వెనకవైపు వంటకి చిన్న గది. బరువు దాదాపు రెండు టన్నులు. లాగడానికి రెండు గుర్రాలు.

ఆ ఏడాది ఆయన ఆ బండిలో ట్వైఫర్డ్ నుంచి స్కాట్లండులోని ఇన్వర్‌నెస్ దాకా వెళ్లాడు. వెయ్యి మైళ్లకు పైమాటే. వెంట ఎవరెవరు వెళ్లారో చూడండి. బండి తోలేందుకు జాన్ అనే మనిషి. పక్కపనులకు ఫోలీ అనే సేవకుడు. ఇతను మూడు చక్రాల సైకిలెక్కి ముందు పోతూ, ఎదురొచ్చేవాళ్లని తప్పుకోమని హెచ్చరించేవాడు. ఇంకా హరికేన్ బాబ్ అనే పెద్ద కుక్క. పాలీ అనే కాకతువ్వ. మరుసటేడు ఆయన ఈ ప్రయాణం గురించి పుస్తకం రాశాడు. తనను తాను జెంటిల్‌మన్ జిప్సీ అని చెప్పుకున్నాడు.

కుక్క ఉంది, చిలక ఉంది. ఆ దొరకి భార్యా పిల్లలూ ఉన్నారు గాని, ఆ మొదటి పెద్ద ప్రయాణపు జాబితాలో ఇల్లాలు లేదు. నాకు కోపం రాలేదు సుమా. నిజానికి ఆవిడ హాయిగా ఉండి ఉంటుంది. చాకిరీకి మనిషిని వెంటబెట్టుకుని వెళ్లిన భర్త ఎంత దూరం వెళితే మాత్రం ఏం?

తరవాత ఈ సరదా నలుగురికీ పాకింది. 1907లో కారవాన్ క్లబ్బు పెట్టుకున్నారు. గుర్రాన్నీ బండినీ అద్దెకు తెచ్చుకుని పల్లెటూళ్ల వెంట తిరగడం మర్యాదస్థుల విలాసమైంది. ఫోలీ లాంటి సేవకుణ్ణి భరించలేనివాళ్లు కూడా మొదలుపెట్టారు. సేవకుడు లేకపోతే పని ఎవరిమీద పడుతుందో మీకు చెప్పక్కర్లేదుగా!

ఆ సంగతి ముందుగా కనిపెట్టింది ఒక నవలా రచయిత్రి. పేరు ఎలిజబెత్ వాన్ ఆర్నిమ్. ఆస్ట్రేలియాలో పుట్టి, ఇంగ్లండులో పెరిగి, జర్మన్ ప్రభువును పెళ్లాడి అక్కడి ఎస్టేటులో కాపురం చేసింది. తాను స్వయంగా ఇంగ్లండులో వానల్లో కారవాన్ వేసుకుని తిరిగిన అనుభవంతో 1909లో "ది కారవానర్స్" అనే నవల ప్రచురించింది. కథ చెప్పేవాడు ఒక జర్మన్ బ్యారన్. పాతికేళ్ల పెళ్లిపండగ చేసుకోవాలని ఆయనకు బుద్ధి పుట్టింది. ఆ పాతికేళ్లు ఎలా వచ్చాయంటే, చనిపోయిన మొదటి భార్యతో గడిపిన ఏళ్లు, ఇప్పటి భార్యతో గడిపిన ఏళ్లు కలిపి! ఖర్చు తక్కువని కారవాన్ ప్రయాణం ఖాయం చేశాడు. తీరా వెళితే వాన, బురద. చెయ్యడానికి నౌకర్లు లేరు. భర్త అంటే ఎవరు, భార్య ఎలా ఉండాలి అని ఆయన దారి పొడుగునా ఉపన్యాసాలిస్తూ ఉంటాడు. భార్య మాత్రం మిగతా ఆడవాళ్లనీ, పనిలో చెయ్యివేసే వాళ్ల మగవాళ్లనీ చూసి మెల్లమెల్లగా మారిపోతుంది. ఎదురు జవాబు చెప్పడం నేర్చుకుంటుంది. తన గొప్ప తాను చెప్పుకుంటూనే ఆ పెద్దమనిషి తన అసలు రంగు ఎలా బయటపెట్టుకుంటాడో చదువుతుంటే నవ్వాగదు. నవ్వాక, మన చుట్టాల్లో ఇద్దరు ముగ్గురు గుర్తుకొచ్చి నవ్వు ఆగిపోతుంది.

మొదటి ప్రపంచయుద్ధం ముగిసేసరికి కార్లొచ్చాయి, గుర్రం పని అయిపోయింది. 1919లో బర్మింగ్‌హామ్‌లో రైలీ అనే తండ్రీకొడుకులు ఎక్లిస్ పేరుతో కారు వెనక తగిలించే కారవాన్లు తయారుచేసి అమ్మడం మొదలుపెట్టారు. గుర్రానికి మేత పెట్టక్కర్లేదు, మాలిష్ చెయ్యక్కర్లేదు. కాని ఆ కాలపు కార్లకి శక్తి తక్కువ. రెండు టన్నుల మహాగని మేడను అవి లాగలేవు. అందుకని బండి బరువు తగ్గాలి. బరువు తగ్గాలంటే ప్రతి వస్తువూ రెండు పనులు చెయ్యాలి. పగలు సోఫా, రాత్రి మంచం. పగలు బల్ల, రాత్రి మంచానికి పట్టె. మధ్యతరగతి ఇళ్లలో మనం పుట్టి బుద్ధెరిగినప్పట్నించి చేస్తున్నదే, వాళ్లు శాస్త్రంగా చేశారు.

ఇంతవరకూ బండి మగవాళ్ల ముచ్చట. ఆడమనిషి కోరిక మీద పుట్టిన బండి కథ జర్మనీలో ఉంది. ఇస్నీ అనే కొండ ఊళ్లో ఆరిస్ట్ డెత్‌లెఫ్స్ అనే ఆయనకి కొరడాలూ, మంచు మీద జారేవాళ్లు పట్టుకునే కర్రలూ తయారుచేసే వ్యాపారం. సరుకు అమ్మకం పని మీద వారాల తరబడి ఊళ్లు తిరిగేవాడు. ఆయన పెళ్లాడబోయే ఫ్రీడెల్ చిత్రకారిణి. కొండలూ లోయలూ చూసి బొమ్మలు వేసేది. వ్యాపారం పేరుతో ఆయన అటూ, బొమ్మల పేరుతో తాను ఇటూ ఉంటే కాపురమేం సాగుతుంది? జిప్సీల బండిలాంటిదొకటి ఉంటే ఇద్దరం కలిసి వెళ్లొచ్చు, నేను బొమ్మలు వేసుకోవచ్చు అని అడిగింది. 1931లో ఆయన తన చేతులతో అలాంటి బండి తయారుచేశాడు. జర్మనీలో మొదటి కారవాన్ అదేనంటారు. దారిలో చూసినవాళ్లు మాకూ కావాలని అడగడంతో కొరడాల వ్యాపారి కాస్తా కారవాన్ల వ్యాపారి అయ్యాడు. వాళ్లకి పుట్టిన కూతురు ఉర్సులా కూడా పెద్దయ్యాక చిత్రకారిణే అయింది.

నాకీ కథ ఎందుకిష్టమంటే, ఫ్రీడెల్ అడిగింది వంటిల్లు కాదు. బొమ్మలు వేసుకునే చోటు. దారిలో తన పని తాను చేసుకునే చోటు.

అమెరికాలో మరోలా జరిగింది. ఇప్పటికీ వెండిగిన్నెలా మెరిసే ఎయిర్‌స్ట్రీమ్ బళ్లను మొదలుపెట్టిన వాలీ బయాం, తొలిరోజుల్లో ఒక పాత ఫోర్డు కారు చట్రం మీద గుడారం అమర్చి భార్యను షికారుకు తీసుకెళ్లాడట. గుడారం వెయ్యడం ఒక తంటా. వానొస్తే మరీ తంటా. అతని భార్య మారియన్, వంటిల్లు లేకుండా ఇలాంటి ప్రయాణాలకు నేను రానని ససేమిరా అందట. అప్పుడు ఆయన పైకప్పూ, స్టవ్వూ ఉన్న బండి కట్టాడు. ఆ కంపెనీ గురించి ఎవరు చెప్పినా ఈ కథ చెప్పకుండా ఉండరు. 1936లో వాళ్లు తెచ్చిన అల్యూమినియం బండి క్లిప్పర్‌లో నలుగురు పడుకోవచ్చు, మంచినీళ్ల ఏర్పాటుంది, కరెంటు దీపాలున్నాయి, వంటకి ప్రత్యేకంగా చోటుంది. ధర 1,200 డాలర్లు. దేశమంతా కరువుతో అల్లాడుతున్న రోజుల్లో అది చిన్న మొత్తం కాదు.

మారియన్ మాట నాకు అర్థమైంది. బయట తిండి ఖర్చు. పిల్లల కడుపు హోటలు తెరిచేదాకా ఆగదు. మన చేతిలో పొయ్యి ఉంటే ఎక్కడైనా బతకొచ్చనే ధైర్యం. ఆడవాళ్లు వంటిల్లు అడిగింది వండాలని మోజుపడి కాదు, ఒకరి మీద ఆధారపడకుండా ఉండడానికి. కాని అడిగి తెచ్చుకున్న ఆ వంటిల్లు మళ్లీ వాళ్ల మెడకే చుట్టుకుంది. చరిత్రలో ఈ మెలిక అందరూ చెప్పరు.

1954లో అమెరికావాళ్లు ఈ మెలిక మీద ఒక హాస్యచిత్రం తీశారు. "ది లాంగ్ లాంగ్ ట్రెయిలర్" అని. లూసిల్ బాల్ నాయిక. కొత్తగా పెళ్లయిన పిల్ల, మొగుణ్ణి ఒప్పించి పెద్ద రైలుపెట్టె లాంటి కారవాన్ కొనిపిస్తుంది. ఆయన కారు నడుపుతూ ఉండగా, ఊరు చేరేసరికి వేడివేడిగా భోజనం సిద్ధంగా ఉంచాలని ఆవిడ వెనక కదిలే బండిలో వంట మొదలుపెడుతుంది. మలుపు మలుపుకీ గిన్నెలూ, పిండీ, ఆవిడా ఎగిరెగిరి పడతారు. పైగా వెళ్లిన ప్రతిచోటా గుర్తుగా ఒక రాయి తెచ్చి బండిలో పెడుతుంది. ఆ రాళ్ల బరువుతో కొండదారిలో ప్రాణాల మీదికి వస్తుంది. మనం నవ్వుతాం. కాని, కారాపి ఇద్దరూ కలిసి ఇంత వండుకోవచ్చుగా అన్న ఊహ ఆ ఇద్దరిలో ఎవరికీ ఎందుకు రాలేదా అని నాకనిపించింది. ఇప్పుడు ఇంగ్లండులో కారవాన్ కదులుతుండగా లోపల మనుషులు ఉండకూడదని చట్టమే ఉంది. చట్టం పుణ్యమా అని ఆ ఒక్క వంటా తప్పింది.

ఇంగ్లండులో కారవాన్‌ను సామాన్యుడి చెంతకు తెచ్చినవాడు శామ్ ఆల్పర్. రెండో ప్రపంచయుద్ధం తరవాత, 1940ల చివర, స్ప్రైట్ అనే చవకరకం బండి మొదలుపెట్టాడు. గుమస్తాలూ, బడిపంతుళ్లూ కూడా కొనుక్కోగలిగారు. తరవాత కొన్నేళ్లకి ఆ దేశపు సెలవు రోడ్లన్నీ తెల్లపెట్టెలతో నిండిపోయాయి. ఇక్కడొక విశేషం. ఇదే ఆల్పర్ 1958లో రెడింగ్ ఊళ్లో పదకొండు సీట్లతో రోడ్డు పక్కన చిన్న హోటలు తెరిచాడు. పేరు లిటిల్ షెఫ్. అది దేశమంతా పాకి, వందల శాఖలై, అరవై ఏళ్లపాటు నడిచి, 2018 నాటికి పూర్తిగా మూతపడింది. ఒక చేత్తో వంటిళ్లు అమ్మినవాడే ఇంకో చేత్తో హోటలెందుకు పెట్టాడు? ఆయన లెక్కలు ఆయనకుంటాయి. నేను మాత్రం, వెనక వంటిల్లుండి కూడా, "ఇవాళ నేను వండను, ఎక్కడైనా ఆపండి" అన్న ఇల్లాళ్ల సంఖ్య కూడా ఆ లెక్కలో ఉండే ఉంటుందనుకుంటాను.

ఇదంతా చదివి మా చెల్లెలికి ఫోను చేశాను. "ముందు మీ ఆయన్ని చెప్పనీ. ఆయన ఏం చూశాడు?"

మరిదిగారు లెక్కలు బాగానే చేశారు. బండి నిండా సామాను వేశాక ఉండగల అత్యధిక బరువు, కారు బరువులో నూటికి 85 వంతులు దాటకుండా ఉంటే కొత్తవాళ్లకి మంచిదట. వాళ్ల కారు 1,600 కిలోలు. అంటే బండి సామానుతో సహా 1,360 కిలోల లోపు ఉండాలి. లూసిల్ బాల్ రాళ్లు ఇక్కడ గుర్తుకు తెచ్చుకోవాలి. బరువైన సామాను ముందూ వెనకా కాకుండా చక్రాల ఇరుసుకు దగ్గరగా, కిందవైపు సర్దాలి. వెనక బరువెక్కువైతే వేగంలో బండి తోక ఆడిస్తుంది, కారును కూడా ఈడుస్తుంది. 1997 నుంచి లైసెన్సు తీసుకున్నవాళ్లు బరువైన కారవాన్ లాగాలంటే వేరే పరీక్ష ప్యాసవాలని అక్కడ ఒక నిబంధన ఉండేది. 2021 డిసెంబరులో దాన్ని తీసేశారు. మరిదిగారి ఉత్సాహానికి అదీ ఒక కారణమే.

రెండోది చెమ్మ. పాత కారవాన్‌కి చెమ్మను మించిన శత్రువు లేదు. ఊరగాయ జాడీలో ఒక్క తడిచెంచా పడితే ఏమవుతుందో మనకి తెలుసు. ఇదీ అంతే. ఏ అతుకులోంచో సన్నగా నీరు దిగి, గోడ లోపల కర్ర నానిపోతుంది. పైకి కాగితం నిగనిగలాడుతూనే ఉంటుంది. మూలల్లో వేలితో నొక్కి చూడాలి, అలమరలు తెరిచి వాసన చూడాలి, చెమ్మ కొలిచే పరికరంతో కిటికీల చుట్టూ, పైకప్పు అతుకుల దగ్గరా చూపించుకోవాలి. కొత్త సెంటు వాసన గుప్పుమంటే ఇంకా అనుమానించాలి. "ఆ వాసన చూసే పని నాది" అంది మా చెల్లెలు. పప్పుడబ్బాలో పురుగు పట్టిన సంగతి మూత తియ్యకుండా చెప్పగలదు అది.

మూడోది, బండి అమ్మేవాడిదేనా అని. ఇంటిస్థలం కొనేముందు మనం ఈసీ తీయించినట్టే అక్కడా ఒక పద్ధతుంది. 1992 నుంచి అక్కడ తయారైన బళ్లకు పదిహేడు గుర్తుల నంబరొకటి చట్రం మీదా కిటికీ అద్దాల మీదా చెక్కి ఉంటుంది. ఆ నంబరు కాగితాలతో సరిపోవాలి. అప్పుమీద ఉన్నదా, దొంగబండా అని విచారించుకోవచ్చు. టైర్లు చూడ్డానికి కొత్తగా ఉన్నా, ఏడాదికి పదకొండు నెలలు నిలబడే ఉంటాయి గనక అరక్కుండానే ముసలివైపోతాయి. వాటి పుట్టిన తేదీ చూసుకోవాలి.

"సరే, ఇప్పుడు నువ్వేం చూశావో చెప్పు" అన్నాను.

మా చెల్లెలు కాసేపు ఊరుకుంది. తరవాత, "నేను స్టవ్వే చూశానక్కా" అంది.

దాని కష్టం నాకు తెలుసు. అత్తగారూ మామగారూ ఇండియా నుంచి వస్తే ఆర్నెల్లుంటారు. ఉల్లిపాయ ముట్టని మనిషి ఆవిడ. ఎక్కడికి తీసుకెళ్లాలన్నా రెండురోజుల ముందునుంచి పులిహోర, చపాతీలు, పెరుగన్నం డబ్బాల్లో సర్దుకోవాలి. హోటలు గదిలో దొంగతనంగా రైస్ కుక్కర్ పెట్టుకుని, అలారం మోగుతుందేమోనని కిటికీ తెరిచి, గుమ్మం కింద తువ్వాలు తొక్కి, ఇన్నేళ్లూ అది చూసిన స్కాట్లండూ వేల్సూ ఇవీ. "ఇదుంటే బాహాటంగా వండుకోవచ్చు. దొంగలా వండక్కర్లేదు" అంది.

మారియన్ నూరేళ్ల కిందట అన్నమాటే ఇది. కాదనడానికి నేనెవర్ని? కాని అమ్మమ్మ మాట చెప్పకుండా ఉండలేకపోయాను. "స్టవ్వు చూడు, తప్పులేదు. దాంతోపాటు ఇంకో నాలుగు చూడు. మంచం రోజూ విప్పి వేసేదా, ఎప్పుడూ పరిచి ఉండేదా? విప్పేదైతే పొద్దున్నే పక్కలెత్తి సోఫా చేసేదెవరు? నీళ్లు కుళాయినుంచి పీపాలో పట్టి దొర్లించుకు తెచ్చేదెవరు? వాడిన నీళ్లు పారబోసేదెవరు? ఆ బాత్‌రూము కింద ఉండే పెట్టె రెండురోజులకోసారి తీసుకెళ్లి శుభ్రం చేసుకొచ్చేదెవరు? ఇవన్నీ బండి కొన్నాక కాదు, కొనేముందు అడగాలి. బరువు లెక్కలో ఇవి కూడా బరువే."

"నిజమేనే" అంది. తరవాత పక్కకి తిరిగి, "వింటున్నారా?" అంది. ఫోను స్పీకరులో ఉందన్నమాట. మరిదిగారు గొంతు సవరించుకుని, "వింటున్నా వదినగారూ. ఆ పెట్టె సంగతి నేను చూసుకుంటా" అన్నారు. పాపం, బ్యారన్‌గారి వంశం కాదు.

చివరికి ఏడేళ్ల పాత బండి కొన్నారు. నలుగురు పడుకునేది. ఎప్పుడూ పరిచి ఉండే మంచం ఒకటి, అత్తగారికోసం. చెమ్మ లేదు, నంబరు సరిపోయింది, టైర్లు మాత్రం మార్పించుకున్నారు. మరిదిగారికి ఇంకో తేలికబండి నచ్చింది గాని, మా చెల్లెలు పట్టుబట్టింది దీనికోసమే. కారణం స్టవ్వు కాదు. స్టవ్వుకి దూరంగా, ముందువైపు పెద్ద కిటికీ. దాని పక్కన ఒక మనిషి కాళ్లు చాపుకుని కూర్చునేంత సోఫా.

మొదటిసారి ఆగస్టులో వేల్సు వెళ్లారు. సాయంత్రం ఫోను చేసింది. పైకప్పు మీద వాన చప్పుడు నాకిక్కడికి వినిపిస్తోంది, మన రేకుల షెడ్డుమీద పడ్డట్టు.

"ఏం చేస్తున్నావే?"

"కిటికీ దగ్గర కూర్చున్నా. ఎదురుగా కొండమీద గొర్రెలు తడుస్తున్నాయి. వాటిని చూస్తున్నా."

వాన చప్పుడులోంచి చిటపటమని ఇంకో చప్పుడు వినిపించింది. పోపు. ఆవాలు పేలడం ఆగిపోయి కూడా చాలాసేపైనట్టుంది.

"ఎవరే పోపు వేస్తోంది?"

"ఇంకెవరు? మీ మరిదే. మాడుతోందక్కా" అంది గొంతు తగ్గించి. తరవాత కొంచెం ఆగి అంది. "నేను మాత్రం లేవను."